కౌముది కుడిచెయ్యి

కౌముది కుడిచెయ్యి సొంతంగా చేసిన మొదటి పని, తండ్రి పళ్ళెంలోంచి రెండో గారె తీసేయడం.

ఆదివారం పొద్దున్న. గణపతిరావుగారికి షుగరు. భార్య వంటింట్లోకి వెళ్ళిన అదను చూసుకుని ఆయన రెండో గారె వేసుకున్నారు. ఎదురుగా చక్రాల కుర్చీలో ఉన్న కూతురి చెయ్యి మెల్లగా బల్ల మీదికి వచ్చి, ఆ గారెను పట్టుకుని, గిన్నెలో పడేసి, మూత కూడా పెట్టింది. ఇరవయ్యారేళ్ళుగా చెంచా పట్టుకోవడం కూడా చేతకాని చెయ్యి అది.

“సత్యా! ఒసే సత్యవేణీ! ఇలా రావే!” అని ఆయన కేకేశారు. ఆ కేకలో సంతోషం పాలెంతో, గారె పోయిన బాధ పాలెంతో విడదీసి చెప్పడం కష్టం.

సత్యవేణి వచ్చి చూసింది, ఏడ్చింది, కళ్ళు తుడుచుకుంది, గారెల గిన్నె లోపల పెట్టేసింది.

“అయిపోయింది నా పని. ఇంట్లో కాపలా డబుల్ అయింది,” అన్నారు గణపతిరావుగారు.

వెంటనే కెజియాకు ఫోన్ వెళ్ళింది. కెజియా ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆక్యుపేషన్ అంటే ఉద్యోగమే కదా అని ఆమె పక్కింటివాళ్ళు ఒకసారి తమ అబ్బాయి బయోడేటా తెచ్చిచ్చారు, ఏదైనా ఉద్యోగం ఉంటే చూడమని. తినడం, తాగడం, బట్టలు తొడుక్కోవడం, తల దువ్వుకోవడం లాంటి పనులు అందరిలా చేసుకోలేనివాళ్ళకు వాళ్ళకు వీలైన దారి వెతికిపెట్టడం తన పని అని ఆమె ఓపిగ్గా వివరించింది. వాళ్ళు ఓపిగ్గా విన్నారు. బయోడేటా మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆమె కౌముది ఇంటికి నాలుగేళ్ళుగా వస్తోంది. కౌముదికి మాట రాదు. పుట్టుకతోనే మెదడుకూ కండరాలకూ మధ్య కబురు సరిగ్గా నడవదు. మెదడు ‘చెంచా’ అంటే చేతికి అది చెంచా, తలుపు, పిడికిలి, తుమ్ము అన్నీ కలిపి అందుతుంది. కళ్ళు మాత్రం ఆమె చెప్పినట్టు వింటాయి. పైకి చూస్తే అవును, గట్టిగా మూసుకుంటే కాదు. ఆ ఏర్పాటు కుదుర్చుకోవడానికే ఇద్దరికీ ఏడాది పట్టింది. సత్యవేణికి మొదట నమ్మకం కలగలేదు. “అది కళ్ళు పైకి తిప్పితే ఫ్యాన్ చూస్తోందనుకునేదాన్నండీ ఇన్నాళ్ళూ,” అంది.

ఆ తర్వాత వచ్చింది తోడునేత.

కాకినాడలో కెజియా పనిచేసే పునరావాస కేంద్రానికి పై అంతస్తులో ఒక ల్యాబు ఉంది. అందులో ఫణీంద్ర అనే ఇంజనీరు నేసిన తొడుగు అది. బూడిదరంగు, భుజం నుంచి వేళ్ళ కొసల దాకా వస్తుంది. దాని దారాలు చర్మం కింద కండరం కదలబోయే ముందు పుట్టే చిన్న అలజడిని పసిగడతాయి. కొన్ని వారాలు ఊరికే గమనించి, ఏ అలజడి ఏ పనికోసమో నేర్చుకుంటాయి. నేర్చుకున్నాక తామే ముడుచుకుని, సాగి, ఆ పనిని చివరిదాకా నడిపిస్తాయి. జ్ఞాపకమంతా దారాల్లోనే. చేతికి తోడుండే చెయ్యి కాబట్టి తోడునేత.

నేర్చుకునే వారాల్లో ఒక్కటే నియమం. కౌముది ప్రయత్నిస్తున్నంతసేపూ పక్కనున్నవాళ్ళు ఆమె మోచేతి కింద ఒక్క వేలు ఆనించాలి. బరువు మొయ్యడానికే, దారి చూపడానికి కాదు. కెజియా ఈ మాట సత్యవేణికి చెప్పింది, చేసి చూపించింది, ఆమె చేత చేయించింది కూడా. మొత్తం ఐదుగురి చేతులకు ఐదు తొడుగులు. దారాలు నేర్చుకున్నది ల్యాబు తెర మీద గ్రాఫుగా వస్తుంది. మిగతా నలుగురి గ్రాఫులూ పిల్లలు గోడ మీద గీసిన గీతల్లా ఉంటే, కౌముది గ్రాఫు మాత్రం ముగ్గుగొట్టంతో లాగినట్టు వచ్చింది.

“చూశారా కెజియాగారూ, ఇదీ మనం ఢిల్లీ నుంచి ఈ పరీక్షలు చూడటానికి వచ్చేవాళ్ళకు చూపించాల్సింది,” అని ఫణీంద్ర మురిసిపోయాడు.

కెజియా కూడా మురిసిపోయింది. అబద్ధమెందుకు, ఆ వారం ఆమె కనిపించినవాళ్ళందరికీ గారె కథ చెప్పింది.

* * *

మూడు వారాల తర్వాత ఒక గురువారం మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి కౌముది భోజనం చేస్తోంది. అదే మాట సత్యవేణి గుమ్మంలోనే అంది, “భోంచేస్తోందండీ” అని, ఊళ్ళోకి కలెక్టరు వచ్చాడన్నంత గర్వంగా.

కెజియా కుర్చీ లాక్కుని కూర్చుంది. చూడ్డానికి ఎంతో బాగుంది. తొడుగు వేసిన చెయ్యి పప్పన్నం కలిపింది. చిన్న చిన్న ముద్దలు చేసి కంచం అంచున వరసగా పెట్టింది. ఒక్కొక్కటీ తీసి నోటికందించింది. మింగేదాకా ఆగింది. తర్వాత చిటికెనవేలి పక్కతో గడ్డం కింది నుంచి పైకి తుడిచింది. మళ్ళీ ఇంకో ముద్ద. మెతుకు కింద పడలేదు.

చూసేకొద్దీ కెజియాకు ఎక్కడో ఏదో గుచ్చుకున్నట్టయింది. చీరకు పెట్టుకున్న పిన్ను లోపలివైపు తిరిగినప్పుడు అలాగే ఉంటుంది. ఎక్కడుందో దొరకదు.

“కౌమూ, ఆవకాయ వెయ్యనా కొంచెం?” అని అడిగింది, ఏదో ఒకటి అడగాలని.

మాట పూర్తయ్యేలోపే కౌముది చెయ్యి గాలిలో అడ్డంగా ఊగింది. వద్దు వద్దని.

“చూశారా! కారం పడదని దానికే తెలుసు,” అంది సత్యవేణి.

కెజియా అప్పుడు కౌముది మొహం వంక చూసింది. ఆమె కళ్ళు మూసుకుని లేవు. పైనుంచి కిందికి దిగుతున్నాయి. పైకి వెళ్ళి దిగుతున్నాయో, ఊరికే అటూ ఇటూ తిరుగుతున్నాయో కెజియాకు తెలియలేదు, ఎందుకంటే అడిగినప్పుడు తను చూసింది చేతివంక. అసలు ఆ కళ్ళను ఏదైనా అడిగి ఎన్నాళ్ళయింది? చెయ్యి జవాబు చెప్పడం మొదలుపెట్టాక ఆ ఇంట్లో అందరూ చేతితోనే మాట్లాడుతున్నారు. వాళ్ళతో పాటు తనూ.

ఆ సాయంత్రం ఇంట్లో కెజియా రెండేళ్ళ కూతురికి పాలకూర పప్పుతో అన్నం పెడుతోంది. ఆ పిల్ల తిండికి లొంగే రకం కాదు. టీవీ మీద ఒక కన్నూ ముద్ద మీద ఒక కన్నూ వేసి, రెండోదాన్ని ఎలా తప్పించుకోవాలా అని చూస్తూ ఉంటుంది. నాలుగో ముద్ద పెట్టి, గడ్డం మీద కారిన పప్పును చిటికెనవేలితో పైకి తుడుస్తూ, కెజియా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కంచం అంచున ఐదు ముద్దలు వరసగా ఉన్నాయి.

ఆమె లేచి, తనకోసం వేరే కంచంలో అన్నం పెట్టుకుని, అద్దం ముందు నిలబడి తింది. ముద్దలు వరసగా పెట్టుకోలేదు. గడ్డం తుడుచుకోలేదు. మింగేదాకా చెయ్యి గాల్లో ఆగలేదు, అప్పటికే రెండో ముద్ద కలుపుతోంది.

“అద్దంలో చూసుకుంటూ తింటున్నావేంటి?” అన్నాడు భర్త గుమ్మంలోంచి.

“తన చేత్తో తాను తినేవాళ్ళెవరూ అలా తినరండీ,” అంది కెజియా.

“ఎలా?”

“ఇంకొకళ్ళకి పెట్టినట్టు.”

* * *

శనివారం సత్యవేణిని కేంద్రానికి పిలిపించారు. ఇంట్లో కౌముది దగ్గర గణపతిరావుగారున్నారు. ఫణీంద్రకు ఇదంతా ఇష్టం లేదు. గ్రాఫు అంత శుభ్రంగా ఉంటే దాన్ని గోకడమెందుకని అతని బాధ. కానీ కెజియా పట్టుబడితే వదిలే మనిషి కాదు.

సత్యవేణి కుడిచేతికి తీగలున్న చిన్న బిళ్ళలంటించారు. ఆమె కండరాల అలజడి తెర మీద గీతగా వస్తుంది.

“ఇప్పుడు మీరు ఎవరికైనా అన్నం పెట్టాలి ఆంటీ,” అంది కెజియా.

“ఎవరికండీ?”

గదిలో ముగ్గురే ఉన్నారు. కెజియాకు తెర చూసే పనుంది. మిగిలింది ఫణీంద్ర.

“నేనా?” అన్నాడతను.

“సైన్సు కోసమండీ,” అంది కెజియా మొహం కదలకుండా.

సత్యవేణి తెచ్చుకున్న టిఫిన్ బాక్సులో దద్దోజనం ఉంది. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి, మూతలో చిన్న ముద్దలు చేసి అంచున పెట్టి, “నోరు పెద్దగా తెరువు బాబూ. అలా కాదు, ఇంకాస్త,” అంది. రెండు పట్టాలున్న ఫణీంద్ర నోరు తెరిచాడు. ఆవిడ ముద్ద పెట్టింది. అతను మింగేదాకా ఆగింది. తర్వాత అతని గడ్డం తుడిచింది.

కెజియా తెర మీద ఒక గీత మీద ఇంకో గీత పెట్టింది. ఒకటి ఇప్పుడు సత్యవేణి చేతినుంచి వస్తున్నది. రెండోది కౌముది తోడునేత నేర్చుకున్నది. రెండు గీతలున్నాయని చెప్పాలి కాబట్టి చెప్పడమే తప్ప, కనిపిస్తున్నది మాత్రం ఒక్కటే.

ఫణీంద్ర ఆ తెర చూశాడు. నోట్లో దద్దోజనం నమలడం మరిచిపోయాడు.

“ఏమైందండీ?” అంది సత్యవేణి.

కెజియా ఆవిడ పక్కన కూర్చుంది. “ఆంటీ, నేర్చుకునే వారాల్లో మోచేతి కింద ఒక్క వేలేనా పెట్టింది మీరు?”

సత్యవేణి చేతి బిళ్ళల వంక చూసుకుంది. “మొదటిరోజు పెట్టానండీ. అన్నమంతా ఒళ్ళో పోసుకుంది. రెండోరోజూ అంతే. తర్వాత ఏ పనికైనా మణికట్టు నేనే పట్టుకున్నాను. ఒక్క వేలితో ఎవరికైనా అన్నం పెట్టారా మీరెప్పుడైనా?”

తోడునేతకు రెండు చేతుల కబుర్లూ ఒకేసారి అందాయి. ఒకటి గజిబిజిగా, లోపలినుంచి. ఇంకొకటి స్పష్టంగా, పైనుంచి. అది స్పష్టంగా ఉన్నదాన్ని నేర్చుకుంది. ఎవరైనా అదే చేస్తారు.

“అంటే ఇన్నాళ్ళూ అది తింటున్నది నా చేత్తోనా?” అంది సత్యవేణి. ముందు ఆవిడ మొహం వెలిగింది. “గారె తీసింది కూడా నేనేనా?”

“మీరే.”

“నేనే అనుకున్నానండీ. అంత ఖచ్చితంగా ఆయన్ని ఇంకెవరు పట్టుకుంటారు?” నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. “అయితే ఇప్పుడేం చేస్తారు?”

జవాబు ఫణీంద్ర చెప్పాడు. “దారాలు నేర్చుకున్నది పోవాలంటే తొడుగును వేడి ఉప్పునీళ్ళలో నానబెట్టాలండీ. అంతా మర్చిపోతుంది. మళ్ళీ మొదటినుంచి మొదలు.”

“చింతపండు నానబెట్టినట్టా?”

“ఇంచుమించు. కాకపోతే పోయింది మళ్ళీ రాదు. కాపీ ఉండదు. ఈ పరీక్షలు పూర్తయ్యేదాకా ఇంకో తొడుగూ లేదు.”

“మొదటినుంచి నేర్చుకుంటే ఇలాగే తింటుందా?”

ఫణీంద్ర కెజియా వంక చూశాడు. కెజియా చెప్పింది. “ఇంత శుభ్రంగా ఎప్పటికీ తినకపోవచ్చు ఆంటీ. అసలు రాకపోవచ్చు కూడా.”

సత్యవేణి చేతి బిళ్ళలు ఒక్కొక్కటీ తనే పీకేసుకుంది.

“నాకు అరవై దాటాయి,” అంది. “ఆయనకు షుగరు, నాకు బీపీ. రోజూ పడుకునేముందు నాకొక్కటే ఆలోచనండీ, నేను పోయాక దీనికి అన్నం ఎవరు పెడతారని. ఎవరో పెడతారు. హడావిడిగా పెడతారు, పెద్ద ముద్దలు పెడతారు, అది మింగిందో లేదో చూడరు. ఇప్పుడు మీరు చెప్తున్నదేంటి? నేను పోయినా నా చెయ్యి దానికి పెడుతుందనేగా? చిన్న ముద్దలు చేసి, ఆగి, మూతి తుడిచి. ఏ తల్లికి దొరుకుతుందండీ ఇది? దాన్ని తీసుకెళ్ళి ఉప్పునీళ్ళలో నానబెడతానంటారా?”

ఫణీంద్ర బల్ల మీద లేని దుమ్మును తుడిచాడు.

“నానబెట్టమని నేననట్లేదు,” అంది కెజియా. “ఉంచమనీ అనట్లేదు. అడుగుదామంటున్నాను.”

“ఎవర్ని?”

“తినేవాళ్ళని.”

* * *

అడిగే పని అనుకున్నంత సులువుగా లేదు. మర్నాడు వాళ్ళింట్లో కెజియా కౌముదికి ఎదురుగా, కళ్ళు తిన్నగా కనిపించేలా కూర్చుంది. తల్లిదండ్రులు వెనక నిలబడ్డారు, వాళ్ళ మొహాలు చూసి జవాబు మార్చుకోకుండా. తొడుగు చేతికే ఉంది, దాని గురించి మాట్లాడుతున్నప్పుడు దాన్ని పక్కన పెట్టడం మర్యాద కాదని కెజియా అభిప్రాయం.

జరిగిందంతా చెప్పింది. నానబెడితే ఏం పోతుందో చెప్పింది. మళ్ళీ నేర్చుకోవడం కుదరకపోవచ్చని రెండుసార్లు చెప్పింది. కౌముది కళ్ళు ఆమె పెదాల మీంచి కదల్లేదు.

“ఇప్పుడున్నట్టే ఉంచేద్దామా?”

కౌముది కుడిచెయ్యి లేచింది. అరచెయ్యి ముందుకు పెట్టి, చాలించండిక అన్నట్టు ఊపింది. ఇంటికి వచ్చిన సేల్స్‌మెన్లను సత్యవేణి గుమ్మంలోంచే పంపించేది అచ్చం అలాగే. ఈ మాటలే వద్దు, ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వమని దాని అర్థం. వెనక నిలబడ్డ సత్యవేణి తన చేతులవంక చూసుకుంది. అవి కట్టుకునే ఉన్నాయి.

“చెయ్యి కాదు కౌమూ. నువ్వు చెప్పు.”

కౌముది కళ్ళు మూసుకుంది. కనుబొమలు ముడిపడేంత గట్టిగా.

“ఇంకోలా అడుగుతా, నేను తప్పుగా చూశానేమో. కడిగేద్దామా?”

చెయ్యి ఇంకా గాల్లో ఊగుతూనే ఉంది. దాని పైనుంచి, దాన్ని దాటుకుని, కౌముది కళ్ళు ఇంటికప్పు దాకా వెళ్ళి అక్కడే నిలబడ్డాయి. దించలేదు. నీళ్ళు కారినా దించలేదు.

“సత్యా,” అన్నారు గణపతిరావుగారు నెమ్మదిగా, “అది ఫ్యాన్ చూడట్లేదే.”

“తెలుసులెండి,” అంది సత్యవేణి.

ఆవిడ ముందుకు వచ్చింది. ఊగుతున్న చేతిని రెండు చేతులతో పట్టుకుని కూతురి ఒళ్ళో పెట్టింది. కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత తొడుగును భుజం దగ్గర్నుంచి చుట్టలుగా చుడుతూ, వేళ్ళ కొసల దాకా తీసేసింది.

బకెట్లో వేడినీళ్ళు తనే పోసింది. ఉప్పు ఎంత వెయ్యాలో ఫణీంద్ర ఫోన్లో గ్రాముల్లో చెబుతుంటే, “నాకు చెప్పకు బాబూ, నాకు తెలుసు ఎంత వెయ్యాలో,” అని గుప్పెటతో వేసింది. తొడుగును ముంచింది. బూడిదరంగు దారాలు నీళ్ళలో ఒకసారి ముడుచుకున్నాయి, ఎవరి గడ్డమో తుడవబోతున్నట్టు చిటికెనవేలు కొంచెం వంగింది. తర్వాత అంతా వదులైపోయి మామూలు మేజోడులా తేలింది.

“సరే,” అంది సత్యవేణి బకెట్‌తోనే.

* * *

మర్నాడు పొద్దున్న కెజియా పునరావాస కేంద్రం వార్డులో ఒకాయనకు ఒంటిచేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పిస్తుంటే ఫోన్ మోగింది.

“కెజియాగారూ, ఆరబెట్టి తొడిగానండీ. చెయ్యి ఉలకదు, పలకదు. సరేలే, మొదటిరోజు కదా అని నేనే పెడదామని కూర్చున్నా. మీరు చెప్పారుగా, పెట్టేముందు అడగమని. అడిగాను. ఉప్మా తింటావా అంటే కళ్ళు మూసుకుంది.”

“ఇంకేదైనా అడగాల్సింది.”

“అడగలేదనుకున్నారా? ఇడ్లీ అన్నాను, మూసుకుంది. పెసరట్టన్నాను, మూసుకుంది. రాత్రన్నం తాలింపు పెడతానన్నాను, దానికీ మూసుకుంది. అన్నీ అయిపోయాయండీ, ఇంక నాకు రాదు టిఫిను. చెయ్యి పోతే పోయింది, ఇప్పుడు తిండి కూడా పోయింది. ఒంట్లో బాలేదేమో, డాక్టరుగారికి ఫోన్ చెయ్యమంటారా?”

“ఏమీ వద్దా అని అడిగారా ఆంటీ?”

“అదేం ప్రశ్నండీ? ఎనిమిదయింది. పొద్దున్నే ఎవరికైనా ఏమీ వద్దని ఎందుకుంటుంది?”

“ఒకసారి అడిగి చూడండి.”

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. దూరంగా సత్యవేణి గొంతు: “ఏమే, ఏమీ వద్దా నీకు?” ఆ తర్వాత గణపతిరావుగారు పకపకా నవ్వడం, “ఊరుకోండి, నవ్వుతారేంటి” అని ఆవిడ కసరడం.

ఫోన్ దగ్గరికి తిరిగి వచ్చింది. “ఆకలి లేదట,” అంది.

“సరే మరి.”

“ఇరవయ్యారేళ్ళుగా రోజూ ఎనిమిదింటికి దీనికి ఆకలేస్తుందనుకున్నానండీ.” ఆవిడ గొంతు తగ్గింది. “నాకు వేసేది. దీనికీ వేస్తుందనుకున్నాను. ఎప్పుడేస్తుందో మరి?”

“నాకూ తెలీదు ఆంటీ.”

“మీకూ తెలీదా?” అంది ఆవిడ. ఆ మాటలో నిరాశ లేదు. కొత్తగా వచ్చిన పొరుగింటివాళ్ళ గురించి ఆరా తీసేటప్పుడు ఉండే కుతూహలం ఉంది.

కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపించింది. సత్యవేణి ఫోన్ పెట్టేయడం మరిచిపోయింది. కెజియా కూడా పెట్టెయ్యలేదు. వార్డులో ఆయన గుండీ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

“అయితే ఏం చేద్దామే ఇప్పుడు?” అంటోంది సత్యవేణి కూతురితో. “ఊరికే కూర్చుందామా? కిటికీ దగ్గరికి పోదామా? స్నానం?” ప్రతిదాని తర్వాతా ఆగుతోంది. మొదట గబగబా అడిగింది, తర్వాత నిదానంగా, కళ్ళు పైకి వెళ్ళి దిగడానికి పట్టేంత సమయమిచ్చి. “పోనీ టీ తాగుతావా? నీకెప్పుడూ ఇవ్వలేదు కదా. పాలే ఇచ్చాను. టీ కావాలా ఏంటి కొంపదీసి?”

ఫోన్లో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, వంటింటివైపు గబగబా అడుగులు.

తర్వాత గ్యాస్ పొయ్యి వెలిగిన చప్పుడు.